కార్జం మీద గుండుసూదులు

కంప్యూటర్ తెరమీద కదిలేదల్లా విజ్ఞానమేనని నమ్మే వయసు నాది, ఆ రోజుల్లో. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో, ఆపరేషన్ కత్తి ఆనితే కాలేయం ఎలా వంగుతుందో కంప్యూటర్లో చూపించే ప్రాజెక్టు నెత్తికెత్తుకున్నాను. మనుషుల మీద కత్తి పెట్టే ముందు డాక్టర్లు నా తెరమీద సాధన చేస్తారని ఆశ. నా బొమ్మ కాలేయం మాత్రం కత్తి సోకితే చాలు, ముక్కలై ఎగిరిపోయేది. మెత్తదనం లెక్క తప్పింది. సోమవారం పరీక్ష. బొమ్మ నిలబడకపోతే పట్టా లేదు. ఇక అసలుదాన్నే కొలవాలనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే మా ఊరు బిజినేపల్లిలో మటన్ కొట్టుకు వెళ్లి మేక కార్జం తెచ్చాను. (ముక్కలు కొట్టొద్దంటే కొట్టాయన అనుమానంగానే చూశాడు.) వాకిట్లో పీట మీద పెట్టి, గుర్తుల కోసం ఎర్ర తలల గుండుసూదులు గుచ్చాను. ఈగలు వాలకుండా ఊదుబత్తీలు వెలిగించాను. తూకం రాళ్లు పెడుతూ, ఎంత దిగిందో గొణుక్కుంటూ రాసుకుంటున్నాను. ఎడమ సగం అయ్యేసరికి ఎదురింటి పెద్దమ్మ గిన్నెడు పెరుగు కోసం వచ్చింది.

“ఓయమ్మో! మీ పోరడు బాణామతి జేస్తుండే! సూదులు గుచ్చిండు, మంత్రాలు సదువుతుండు. నిన్నటిసంది నా బర్రె పాలిస్తలేదంటే ఇందుకేనా!”

ఆ కేకకు వాడంతా దిగింది. “చేతబడి కాదు పెద్దమ్మా, కంప్యూటర్ కోసం!” అంటూ అందరినీ లోపలికి తీసుకెళ్లి బొమ్మ చూపించాను. పాపిష్టిది, ఎవరూ ముట్టకుండానే గజగజ వణికి పేలిపోయింది. ముందున్నవాళ్లు తలుపు దగ్గరికి పరుగెత్తారు.

అమ్మ ఒక్కతే కదల్లేదు. “బాణామతి జేసెటోడు దాన్నే తింటడా అక్కా? జర ఆగుండ్రి,” అని సూదులన్నీ పీకి, కార్జం కోసి, ఉప్పూకారం వేసి వేయించి నా ముందు పెట్టింది. “తిను బిడ్డా, అందరు చూస్తుండ్రు.”

ఇంకా కొలవని సగాన్ని కూడా నేనే నమిలి మింగాను. (రుచిగానే ఉంది, ఏడుపొచ్చింది.) చివరికి పెద్దమ్మ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఉప్పు జర తక్కువైంది,” అంది. మరో కార్జం తెస్తానంటే అమ్మ గడప దాటనివ్వలేదు.

సోమవారం పరీక్షలో ఎడమవైపు కత్తి ఆనిస్తే కాలేయం బుద్ధిగా వంగింది. కుడివైపు పేలిపోయింది.

“ఈ పక్క ఏమైంది?” అన్నారు పరీక్షకు వచ్చిన సారు.

“ఆ పక్క తినేసిన సార్.”

సంగతంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వి, ఆయన నన్ను పాస్ చేశారు. ఇప్పుడు అలాంటి ప్రశ్న ఎదురైతే పేజీలకు పేజీలు సంజాయిషీ రాయగలను. అంత చిన్న నిజాన్ని అంత తొందరగా చెప్పేసిన ఆ పిల్లాడంటే మాత్రం నాకు కొంచెం అసూయ.