ఉలాంగ్ తల్లి చేమ

ఉలాంగ్ తన పంతొమ్మిదో ఏట ఉప్పు పట్టి చచ్చిన మడిలో చేమ పండించడానికి పూనుకుంది. ఆ సంగతి ముందుగా చెప్పాలి. తుపాను నీళ్ళు నిలిచాక మా దీవిలో, మా ఐరాయ్ ఊరి ఆడవాళ్ళందరూ వదిలేసిన నేల అది. ఆమె ఒక్కతే వెనకవైపు కాలువ తవ్వి ఉప్పంతా మడ అడవిలోకి దించింది. రెండేళ్ళు బుట్టల్లో ఆకు మోసి, మోకాలి లోతు బురదలో తొక్కింది. మూడో ఏడు చంటిపిల్లంత దుంప తీసింది. దాన్ని ఊరి పెద్దల ముందు పెట్టారు. అది మొదలు నలభై నాలుగేళ్ళు మా చావులకూ తొలికాన్పు వేడుకలకూ ఆమె బుట్ట వెలితి పడి ఎరగదు.

అదంతా ఊదా కాడల చేమ. తల్లి చేతి మీదుగా వచ్చిన రకం. ఐరాయ్‌లో ఇంకే మడిలోనూ లేదు. ఎవరడిగినా ఉలాంగ్ ఒక్క పిలక ఇవ్వలేదు.

డిసెంబరు నాలుగు, గురువారం. మర్నాడు పొద్దున పెద్ద పోటు రానున్నదని రేడియో చెప్పింది. పక్క మళ్ళవాళ్ళు అప్పటికప్పుడే పిలకలు పీకి మెరకకు చేర్చారు.

“పెద్దమ్మా, మనమూ పీకేద్దాం. సగమైనా,” అంది చెల్లెలి కూతురు ఎబిల్.

“పీకు, పీకు. ఊరంతా నవ్వడానికి నోళ్ళు తెరుచుకునుంది. నా గట్టు దాటి సముద్రం ఎప్పుడొచ్చిందే?”

“అది నీ గట్టని సముద్రానికి తెలుసా?”

“తెలియకపోతే రేపు తెలుస్తుంది.”

తెల్లవారేసరికి ఇద్దరూ గట్టు మీద ఉన్నారు. నీరు పెరిగి గట్టు అంచుకు జానెడు దూరానికి వచ్చింది, తరువాత బెత్తెడు. ఒకచోట పీత బొరియలోంచి బుడగలు లేచాయి.

“మట్టి! మట్టి తేవే!”

“తెస్తున్నా, రెండు చేతులేగా నాకు!”

మట్టి చాలలేదు. ఉలాంగ్ ఆ బొరియ మీదే చతికిలబడింది. అరవై అయిదేళ్ళ మనిషి నడుము దాకా చన్నీళ్ళలో అలా గంటకు పైగా కదలకుండా కూర్చుంది. గట్టు నిలిచింది. నీరు వెనక్కి తీయడం మొదలుపెట్టింది.

“చూశావా?” అని లేచింది. అలవాటు చొప్పున మడి నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. తీపి. రెండో మడీ తీపే. మూడో మడి దగ్గర వేలు నోట్లోనే ఉండిపోయింది.

“ఏమైంది పెద్దమ్మా?”

ఉలాంగ్ మళ్ళ వెనకవైపుకు పరుగెత్తింది. సముద్రం గట్టెక్కలేదు. పంతొమ్మిదో ఏట ఆమె తవ్విన కాలువ వెంబడే మడ అడవిలోంచి ఎగదన్నింది. ముందు గట్టునే చూస్తూ ఆ కాలువ నోరు మూయడం మరిచిపోయింది. ఊదా కాడలు ఉన్నది ఆ మూడో మడిలోనే.

మొత్తం పీకారు. మంచినీళ్ళలో కడిగి నీడన పరిచారు. ఉలాంగ్ పూటకోసారి ఒక్కో పిలక అడుగు నొక్కి చూసేది. సోమవారం నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. ఒక్కటీ మిగల్లేదు.

“ఇంకోచోట ఉంది,” అంది ఎబిల్, మెల్లగా.

“ఆ పేరు ఎత్తకు.”

ఆ పేరు కెరుంగిల్. ఉలాంగ్ తమ్ముడి పెళ్ళాం. పదిహేనేళ్ళ కిందట మొగుడు పోయాక పుట్టిల్లున్న పెలెలియూ దీవికి వెళ్ళిపోతుంటే, రేవులో అందరి ఎదుటా ఉలాంగ్ ఆమె బుట్ట లాగి బోర్లించింది. పన్నెండు పిలకలు దొర్లాయి. “దొంగ!” అని అరిచింది. బట్టల మడతల్లో మరో మూడు ఉండిపోయాయని తరువాత తెలిసింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఎబిల్ ఫోను కలిపి పెద్దమ్మ చేతిలో పెట్టేసింది.

“ఎవరూ?”

ఉలాంగ్ ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

“ఊపిరిని బట్టే తెలుస్తోంది, వదినా. ఉప్పొచ్చిందటగా.”

“నీ దగ్గర బతికే ఉందా?”

“బతక్కేం? మూడు మళ్ళ నిండా ఉంది. దొంగ చేతిలో బాగా పెరుగుతుంది.”

“ఎబిల్‌ను పంపిస్తాను.”

“పిల్లొస్తే ఒక్క కాడ కూడా ఇవ్వను. నువ్వే రా. మా ఊరి ఆడవాళ్ళు చూస్తుండగా నా బురదలో దిగి కలుపు తియ్యి. పని నాకు నచ్చితే నీ చేత్తోనే కోసుకుపో.”

“నచ్చకపోతే?”

“ఖాళీ బుట్టతో పో. ఆ రుచి నాకు తెలుసు.”

ఉలాంగ్ ఫోను ఎబిల్‌కిచ్చింది. తరువాత బుట్ట అందుకుంది. కాలువ నోరు రాళ్ళతో మూయమంది. ఎగువన, ఉప్పు సోకని చోట, ఒక మడి తొక్కి ఉంచమంది.

మంగళవారం పడవెక్కింది. మేమంతా రేవుకు వెళ్ళాం. ఎవరూ నవ్వలేదు. ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిరగకుండా కూర్చుంది. ఎగువ మడి సిద్ధంగా ఉంది, రోజూ ఎబిల్ దాని నీళ్ళు రుచి చూస్తోంది. పెలెలియూ నుంచి ఇంకా కబురేమీ రాలేదు. ఉలాంగ్‌ను తిరిగి తెచ్చే పడవ డిసెంబరు పంతొమ్మిది, శుక్రవారం వస్తుంది.