గేరన్న కొన్న గేమింగ్ కంప్యూటర్

మాట్లాడేటప్పుడు ఎడమచెయ్యి గేర్లు మారుస్తున్నట్టు కదులుతుంది కాబట్టి ఆయన్ని అందరూ గేరన్న అనేవారు. లారీ దిగాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. నడుములో డిస్కు జారింది. ఇక పెద్ద బండి తోలకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. కంపెనీవాళ్లు ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే లారీకి గొలుసు దించడం, అది పోయాక మళ్లీ తగిలించడం, అంతే పని. ఇంటికొచ్చి టీవీ ముందు గోడకు చేరగిలబడేవాడు. టీవీ మాత్రం చూసేవాడు కాదు.

ఒకసారి కంపెనీలో కొత్త డ్రైవర్లకు నేర్పే గదిలోకి తొంగిచూస్తే, తెర ముందు స్టీరింగు బిగించిన కుర్చీ కనిపించింది. భోజనానికి లేస్తున్న శిక్షకుడు, "కాసేపు కూర్చో అన్నా" అన్నాడు. ఆ కాసేపట్లోనే గేరన్న జోరువానలో ఒక కొండదారి ఎక్కి దిగాడు. శిక్షకుడు భోజనం చేసి వచ్చినా స్టీరింగు వదల్లేదు.

"ఇలాంటి ఆట ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ మీదా ఆడుకోవచ్చు. కాకపోతే బొమ్మను నడిపేది గ్రాఫిక్స్ కార్డు. అది విడిగా ఉందో లేదో అడిగి మరీ కొను" అని శిక్షకుడు చెప్పాడు.

గేరన్న భార్య బట్టలు కుడుతుంది. మిషను ఆపకుండానే అంతా విన్నది.

"కొత్త మిషను కోసం దాచింది ఉందిగా. అందులో సగం మీది. సగం దాటితే మాత్రం నా చేతిలో కత్తెరుంది, చూసుకోండి."

అక్కడే కూర్చున్న బావమరిది పగలబడి నవ్వాడు. "ఈ వయసులో ఆటలేంటి బావా?"

"ఒరేయ్, నువ్వు పొద్దస్తమానం ఫోన్లో పేకాడితే పెద్దరికం, నేనాడితే పసితనమా?"

మొదటి దుకాణంలో అద్దాల పెట్టెలో రంగురంగుల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గేరన్న అక్కడే మనసు పారేసుకున్నాడు. "దూసుకుపోతుంది సార్ ఇది" అన్నాడు దుకాణం కుర్రాడు.

"దూసుకుపోనక్కర్లేదు బాబూ, లారీ నడిస్తే చాలు. ఆ ఆట పెట్టి చూపించు" అంది భార్య.

పెట్టాడు. లారీ కాస్త ఊళ్లోకి రాగానే కప్పలా గెంతడం మొదలుపెట్టింది. కార్డు విడిగా ఉందా అని గేరన్న అడిగితే కుర్రాడు ఫ్యాన్ల రంగులు మార్చి చూపించాడు.

ఆ వీధంతా తిరిగారు. కార్డు ఉన్నవాటి ధర అందలేదు. ధర అందినవాటిలో కార్డు లేదు. వాయిదాల మీద తీసుకోమని ఒకాయన వెంటబడ్డాడు. "అప్పు చేసి ఆడితే ఆట ఆటలా ఉండదు" అని గేరన్న బయటికొచ్చేశాడు. నడుము లాగేస్తోంది. ఇంటికి పోదామని భార్య అంటే, "వచ్చింది కొనడానికే" అని ముందుకు నడిచాడు.

వీధి చివర రిపేర్లు కూడా చేసే ఒకావిడ దుకాణం ఉంది. "ఎంతలో కావాలో దాచకుండా చెప్పండి. అందులో ఏం వదులుకోవాలో నేను చెప్తాను" అందావిడ. ఇంట్లో టీవీ ఉంటే వేరే స్క్రీను అక్కర్లేదంది. ఆడేది ఒక్క ఆటేనంటే స్టోరేజీ చిన్నది చాలంది. "కార్డు దగ్గర, పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మిగతావి తర్వాతైనా పెంచుకోవచ్చు" అంటూ లోపలినుంచి నల్లటి పెట్టె ఒకటి తెచ్చింది. పోయినేడాది మోడల్, దుకాణంలో చూపించడానికి పెట్టింది. పక్కన పొడుగ్గా ఒక గీత. లైటన్నది లేదు.

గేరన్న దాన్ని వానలో నడిపాడు, రద్దీలో నడిపాడు. తెర ఎక్కడా తడబడలేదు. వేడెక్కిందేమోనని టైరును తడిమినట్టు పెట్టెను తడిమాడు.

"గీతుందని వారంటీ ఎగ్గొట్టరు కదమ్మా?"

"ఆ గీతకు తప్ప అన్నిటికీ ఉంది."

అది కొనగా మిగిలిన డబ్బులో ఎవరో వాడిన స్టీరింగు కూడా వచ్చింది.

ఇంట్లో టీవీకి తగిలించి కూర్చున్న తొలి సాయంత్రమే గేరన్న ఆటలో లారీని వెనక్కి తీస్తూ గోదాము గోడను గుద్దాడు. బావమరిది కడుపు పట్టుకుని నవ్వాడు. గేరన్న నవ్వలేదు. నిజం బండి ఎటు ఒరుగుతోందో కూర్చున్న సీటే చెప్పేది. ఇక్కడ సీటు మాట్లాడదు, అంతా కళ్లతోనే తెలుసుకోవాలి. ఇన్నేళ్ల డ్రైవరు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. రోజూ గేటు పని అయ్యాక కూర్చునేవాడు, నడుము పట్టేస్తే లేచి గదిలో నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చునేవాడు. చివరికి ఒకనాడు పొడవాటి ట్రెయిలరు వెనక్కి వెనక్కి వెళ్లి, ఎక్కడా తగలకుండా గోదాము గుమ్మంలో ఆగింది.

కుట్టుమిషను చప్పుడు ఎప్పుడాగిందో ఆయన గమనించలేదు. భార్య వెనకే నిలబడి ఉంది.

"ఇక లేవండి" అంది.

"ఎందుకే?"

"ఇన్నేళ్లూ ఇల్లొదిలి ఎలాంటి దారుల్లో తిరిగారో నేనూ చూడొద్దా?"

ఆమె జన్మలో స్టీరింగు పట్టింది లేదు. బయల్దేరీ బయల్దేరకముందే దీపస్తంభాన్ని కొట్టింది. గేరన్న పక్కన స్టూలు మీద కూర్చుని, "బ్రేకు, బ్రేకు... అది కాదే, పక్కది" అని గోల పెట్టాడు.

"అరవకండి. బండి నా చేతిలో ఉంది" అందామె తెరమీదనుంచి చూపు తిప్పకుండా.

గేరన్న గొంతు తగ్గించి, ముందుగా పక్క అద్దంలో వెనక ఎవరొస్తున్నారో చూడమన్నాడు. ఆమె చూసి, నెమ్మదిగా బండిని పెద్దరోడ్డు ఎక్కించింది.