అర నిమిషం వెనక వచ్చిన ఆట

ఈ పొద్దున మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పుణ్యాత్మురాలు ఒక చిన్న వీడియో పంపింది. అందులో ఒక పెద్దమనిషి చప్పట్లకు చేతులెత్తి, నోరంతా తెరిచి నవ్వుతూ, అంతలోనే ముఖం మాడిపోయి కుర్చీలో కూలబడతాడు. కింద "జీతం పెరిగిందనుకున్నప్పుడు" అని రాసి ఉంది. అందరూ పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ పెద్దమనిషి నిరుడు కాలం చేసిన మా ఆయన అని వాళ్ళకు తెలియదు, నేనూ చెప్పలేదు. చెబితే అయ్యో పాపమని రాసి, ఇంకోసారి చూస్తారు.

ఆయన కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఆటల సారు. మా క్వార్టర్ బాయ్స్ హాస్టల్‌ను ఆనుకునే ఉండేది. మన కాలంలో హాస్టలంతటికీ ఒకటే టీవీ, ఒకటే అరుపు. ఈ పిల్లలకు మేడ మీద టీవీ ఉన్నా ఎవరి ఫోను వాళ్ళది. ఫోనులో ఆట టీవీ కన్నా అర నిమిషం వెనక వస్తుంది కదా, అదే వాళ్ళకు పెద్ద వినోదమైంది. టీవీలో ముందే చూసొచ్చి, పక్కవాడి ఫోనులో బౌలరు ఇంకా పరుగెడుతుండగానే చెవిలో "అవుటైండురా" అని ఊది పారిపోవడం, వాడు మొత్తుకుంటుంటే నవ్వడం. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవారు.

మా అబ్బాయి కబడ్డీ ఆడేవాడు, వాళ్ళ నాన్న చెక్కిన ఆటే. పెద్ద పోటీల్లో ఒక జట్టు వాణ్ణి తీసుకుని, సీజనంతా బయట కూర్చోబెట్టి, చివరి ఆటలో దింపింది. అందులో నిలబడితేనే వచ్చే ఏడు కూడా ఉంచుకుంటారు. మొక్కంటే పని అయ్యాక చెల్లించేది. మా ఆయన ఆగలేక ముందే వేములవాడ గుడికి వెళ్ళి మొక్కు కోడెను కట్టేసి వచ్చారు. దేవుడికి అడ్వాన్సు ఇచ్చిన మనిషిని నేను ఆయన్నే చూశాను. అంతటితో ఆగక మెస్ హాల్లో తెర కట్టించి, ఒక పిల్లాడి ఫోను దానికి తగిలించి, హాస్టలంతటినీ పిలిచి, "నువ్వు సుత రావే, మనోడు కొడుతుంటే అందరి నడుమల చూడాలె" అని నన్నూ తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఆట చివరికొచ్చింది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, చివరి కూతకు మావాడు వెళ్ళాడు. తెర మీద వాడింకా గీత దాటుతూనే ఉన్నాడు. అప్పుడే మేడ మీది టీవీ గదిలోంచి "అరెరే" అని ఒక మూలుగు వినిపించింది. పైనుంచి మెసేజీలొచ్చి హాల్లో ఫోన్లన్నీ టింగుమన్నాయి. ఆయన కూతలో మునిగి ఏదీ వినలేదు. నేను తల తిప్పి చూస్తే, అంతమంది పిల్లల్లో ఒక్కడూ తెర వైపు చూడటం లేదు, అందరూ మా ఆయన వైపే చూస్తున్నారు, నాలుగైదు ఫోన్లు ఆయన మీదికి పట్టి ఉన్నాయి. కొడుకు పడిపోయాడని నాకు అలా తెలిసింది. ఆయనకు చెబుదామని నోరు తెరిచాను, కానీ ఆయన అప్పటికే లేచి నిలబడి చప్పట్లకు చేతులెత్తారు.

తెర మీద వాడు ఒకణ్ణి తాకి తిరిగొస్తూ, మధ్య గీతకు జానెడు దూరంలో చీలమండ దొరికిపోయి మోకాలు మెలిపడి పడ్డాడు. హాలంతా ఒక్కసారిగా నవ్వింది.

మర్నాటి నుంచి ఆయన గ్రౌండులోకి వెళ్తే చాలు, చెట్ల చాటు నుంచి "సార్, చప్పట్లు కొట్టుండ్రి" అని కేకలు. ఆయన చేత బూట్లు కొనిపించుకున్న పిల్లలే. వాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. మావాడి మోకాలు బాగుపడలేదు, ఆ జట్టు మళ్ళీ పిలవలేదు. వాడిప్పుడు మంచిర్యాలలో ఒక జిమ్ములో పనిచేస్తున్నాడు.

మా చిన్నప్పుడు గెలుపైనా ఓటమైనా మొదటి బస్సులో వచ్చే పేపరుతో ఊరందరికీ కలిపి తెలిసేది. ఏడ్చేవాడికి పక్కన ఏడ్చేవాడు ఉండేవాడు. ఇప్పుడు ఫోన్లలో ఆ ఆలస్యం బాగా తగ్గిందట. మంచిదే. కానీ మా ఆయన ఆ తర్వాత తెరను నమ్మడం మానేసి, ఏం జరిగినా ముందు చుట్టూ ఉన్న ముఖాలు చూడటం అలవాటు చేసుకున్నారు.

నిరుడు ఆసుపత్రిలో డాక్టరు ముందుగా నన్నూ అబ్బాయినీ లోపలికి పిలిచి రిపోర్టు సంగతి చెప్పారు. నేను కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, ఏమీ లేనట్టే బయటికొచ్చి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి, వెనకే వచ్చిన కొడుకు ముఖంలోకి ఒకసారి చూసి, మెల్లగా నా చెయ్యి పట్టుకుని అన్నారు: "చెప్పకు తియ్. అందరికి ఎరుకైనంకనే గద, నాకు ఎరుకయ్యేది."