మట్కా దగ్గరికి దారి

హిందీ మాట్లాడే ఉక్కు పట్నం శివారు పర్సుడీహ్‌లో ఉండే డార్కస్ పుస్తకాలు రాయదు, వాటి చివరి పుటలు కూరుస్తుంది. గమ్హరియాలో యంత్రాల మాన్యువళ్లు తయారుచేసే చిన్న ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఏ మాట ఏ పుటలో ఉందో అక్షర క్రమంలో చెప్పే సూచిక ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే.

ఆమెకో అలవాటుంది. కొత్త హిందీ మాన్యువల్ చేతికి రాగానే, భర్త ఆమోసు అన్నం తింటుంటే పక్కన కూర్చుని బొమ్మలు చూపిస్తుంది. అతను కర్మాగారంలో కాంట్రాక్టు ఫిట్టరు; తను పనిచేసే విభాగాన్ని అక్కడ షాపు అంటారు. దీన్ని మీ షాపులో ఏటంటారని అడుగుతుంది. అతను చెప్పిన మాట కూడా సూచికలో చేరుతుంది. ప్రెస్ యంత్రం పక్కన కుండలా నిలబడే అక్యుములేటర్‌ను అక్కడ అందరూ మట్కా, అంటే కుండ, అంటారు. మోటారు ఆపినా దాని కడుపులో నూనె ఒత్తిడి అలాగే ఉంటుంది. అది దించకుండా నట్టు విప్పితే చెయ్యి దక్కదు. ఎలా దించాలో నూట పద్నాలుగో పుటలో ఉంది. అందుకే "మట్కా: అక్యుములేటర్ చూడండి" అని ఒక వరుస వేసింది. కాలవ మీద వేసిన పలకలాంటి వరుస.

ఈ ఏడాది నుంచి ఒకే మాన్యువల్ మూడు రూపాల్లో వస్తోంది: అచ్చులో, కంప్యూటర్లో, ఫోనులో. ఫోనులో పుటలు లేవు. తెర ఎంతుంటే అంతలో నీళ్లలా పారుతుంది. అంకెలు వద్దు, ప్రతి మాటకీ దాని పేరాలోనే గుర్తు పెట్టమన్నాడు మేనేజరు సత్యప్రసాద్. యాభై దాటిన కళ్లతో మూడు నెలలు పెట్టింది. తీరా ఫోను కాపీ వచ్చాక చూస్తే "చూడండి" వరుసలు రెండువందల పన్నెండూ లేవు. మట్కా అన్న మాట ఏ పేరాలోనూ లేదు. కూర్చోవడానికి చోటు లేక రాలిపోయింది. లేని మాటను వెతికినా ఫోనుకి దొరకదు. వెళ్లి మేనేజరుతో ఆ సంగతి చెప్పింది.

"నాకూ తెలుసాంటీ. ఒక్క మాట కలపాలన్నా యంత్రం కంపెనీవోళ్లు సంతకం పెట్టాల. ఆళ్లు ఇదే ఖాయం చేసేశారు. పాస్ హో గయా," అన్నాడు సత్యప్రసాద్.

అతని గొంతులో తప్పేమీ లేదు. కోపం పెట్టుకోవడానికి కూడా ఆమెకు చోటు దొరకలేదు.

వారం తిరక్కుండానే ఆమోసు షాపులో అచ్చు పుస్తకాలు తీసేసి ఫోన్లు ఇచ్చారు. మధ్యాహ్నం అతను ఫోను చేశాడు.

"మట్కా అని కొట్టేను. ఏటీ రాలేదు."

అక్యుములేటర్ అని కొట్టమంది. దొరికింది.

"నాకంటే నువ్వున్నావు," అన్నాడతను. "బి షిఫ్టోళ్లకి ఎవులున్నారు? ఆళ్లందరి ఫోనూ ఎత్తుతావేటి?"

సాయంత్రం ఆమె ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఆ వరుస రాసి అతని టిఫిన్ సంచిలో పెట్టింది. మర్నాడు అతను దాన్ని ప్రెస్సుకి అంటించాడు. ఆ మర్నాడు అది నూనె వేలిముద్రలతో అదే సంచిలో తిరిగివచ్చింది. అనుమతి లేని కాగితం యంత్రం మీద ఉండకూడదని సేఫ్టీవాళ్లు పీకించారట.

"బి షిఫ్టోళ్లకి నోటితో చెప్పేన్లే," అన్నాడు ఆమోసు, చేతులు కడుక్కుంటూ. తుడుచుకుంటూ మళ్లీ అన్నాడు: "సోమారం కొత్తోళ్లు వత్తన్నారు. ఆళ్లకి ఎవులు చెప్తారో."

డార్కస్ తన అచ్చు ప్రతి తీసి, నూట పద్నాలుగో పుటలో ఆ అట్టముక్క ఉంచి మూసింది. దాని అంచు కొంచెం బయటికి కనిపిస్తోంది.