వినబడలేదని అచ్చేసిన పుస్తకం

డిస్క్ పెట్టి రెండు నిమిషాలు కాకముందే నాకు అనుమానం వచ్చింది. తాళాలు లేవు. డ్రమ్స్ వాయించేవాడు పైనున్న ఇత్తడి తాళాలను సన్నగా తడుతుంటే వచ్చే చిటచిట, ఆ ఆల్బమ్‌కి ప్రాణమే అది. నిజామాబాద్ పాలిటెక్నిక్ హాస్టల్లో ఒకే టేప్‌రికార్డర్ చుట్టూ కూచుని విన్నప్పుడు మేం ముందు పట్టుకున్నది దాన్నే. ఇంగ్లిష్ మాటలు ఎవడికి అర్థమయ్యాయి గనక! ఆల్బమ్ పేరు మాత్రం అడక్కండి. చెబితే ఎవడో ఒకడు అదేమంత గొప్పది కాదంటాడు, వాడితో నాకు పంచాయితీ.

వార్షికోత్సవం పేరుతో జపాన్‌లో మళ్ళీ వేసిన ముద్రణ అది. అట్ట పక్కన కాగితం పట్టీ, లోపల జపాన్ భాషలో దళసరి పుస్తకం. పోస్టులో రాగానే కవరు కూడా సరిగ్గా విప్పకుండా ఇక్కడ గల్ఫ్‌లో ఐన్ ఖాలిద్‌లోని మా ఫ్లాట్‌కి పరిగెత్తుకొచ్చి పెట్టాను. గిటార్ ఉంది, గొంతు ఉంది, తాళాలు మాత్రం ఇక్కడి అరబ్బులన్నట్టు మాఫీ, లేనేలేవు. వైర్లు మార్చాను. స్పీకర్లు అటుదిటు, ఇటుదటు పెట్టాను. కూచోలేక లేచాను, నిలబడలేక మళ్ళీ కూచున్నాను.

"ఏందయ్యా ఈ లొల్లి? పక్కింటోళ్ళు పోలీసులకు ఫోన్ జేస్తరు," అని నా భార్య ఎదురుగా వచ్చి నిలబడి సౌండు తగ్గించింది.

"డిస్కే ఖరాబుంది," అన్నాను.

అలా అనక తప్పని కారణం ఉంది. నేను చల్లనీళ్ళ ప్లాంట్‌లో ఫోర్‌మన్‌ని. ఊళ్ళోని బిల్డింగుల ఏసీలకు నీళ్ళు చల్లబరిచి పంపే పెద్ద పెద్ద మిషన్లు మావి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే లోపలి సంగతి తెలుస్తుంది. మీటర్లున్నాయి, కంప్యూటర్లున్నాయి. అయినా విప్పి బిగించి ఓవర్‌హాల్ చేసిన మిషన్‌ని నేను విని తల ఊపాకే లోడ్ ఎక్కిస్తారు. ఇది ఏ కాగితం మీదా లేదు, మా ప్లాంట్ అలవాటంతే. చెవి పోయిందంటే అక్కడ నేనుండి ఏం లాభం? కొన్నాళ్ళుగా మీటింగుల్లో సగం మాటలకు ఊరికే తల ఊపుతున్న సంగతి నాకు తెలుసు. తెలిసే, ఆ అనుమానాన్ని డిస్క్ మీదికి తోశాను.

ఆ పుస్తకంలో ఉంటుందనుకున్నాను, ఈ కొత్త ముద్రణలో సౌండుని ఏం చేసి చెడగొట్టారో. చదివేవాడు కూడా దొరికాడు. మిషన్ తయారు చేసిన కంపెనీ నుంచి ఓవర్‌హాల్ కోసం ఒక జపాన్ ఇంజనీరు మా దగ్గరికి వచ్చి ఉన్నాడు. నా వయసువాడే. మర్నాడు పొద్దున చాయ్ టైముకి, మిషన్ల మోత లేని ఆఫీసు గదిలో పుస్తకం అతని ముందు పెట్టాను. పట్టీ చూడగానే అతని మొహం వెలిగిపోయింది. స్కూల్లో ఉండగా వాళ్ళ బ్యాండు వాయించింది ఈ ఆల్బమేనట.

వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుతూ తన వచ్చీరాని ఇంగ్లిష్‌లో నాకు చెప్పసాగాడు. వ్యాసం రాసినాయన కొత్త సౌండుని తెగ పొగిడాడు. ముఖ్యంగా తాళాలట. డ్రమ్స్ పక్కన కుర్చీ వేసుకుని కూచున్నట్టే ఉందట.

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. పైకి మాత్రం, "అవునవును, నేనూ గమనించాను," అన్నాను.

అతను పేజీలు తిప్పి పాటల దగ్గరికి వచ్చాడు. ఇంగ్లిష్ వరుసల మధ్య అక్కడక్కడా బ్రాకెట్లో చిన్న జపాన్ అక్షరాలున్నాయి. అవేంటని అడిగాను.

"వినబడలేదు అని," అన్నాడు.

అప్పట్లో పాటల మాటలు కాగితం మీద వచ్చేవి కావట. జపాన్‌లో ఎవరో కూచుని, విని రాసేవారట. ఎంత విన్నా అందని చోట అలా రాసి వదిలేసేవారట. ఈ ముద్రణలో ఆ పాత పేజీల్ని ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చేశారు.

నాకు ఎందుకో కోపం వచ్చింది. "ఏదో ఒక మాట రాసి పడేయొచ్చు కదా. ఎవడికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు. మేం దాన్నే నేర్చుకుని పాడేవాళ్ళం," అన్నాడు. "అలా రాయలేదు కాబట్టి ఆ చోటు రాగానే ఊఁ అని దాటేసేవాళ్ళం."

నేను పుస్తకం మూసి చేతిలోకి తీసుకున్నాను.

మధ్యాహ్నం మిషన్ స్టార్ట్ చేశారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను మోత ఆపడానికి చెవులకు పెట్టుకునే ఇయర్ మఫ్ పక్కకి తోసి, స్క్రూడ్రైవర్ ఆనించి కళ్ళు మూసుకున్నాను. పెద్ద మోత ఉంది. దాని మీద సన్నగా వినబడాల్సిన బేరింగ్ కూత మంచిదో చెడ్డదో తర్వాతి మాట, అసలది ఉందో లేదో కూడా తెలియలేదు. రెండో చెవికి మార్చాను.

"ఠీక్ హై, ఫోర్‌మన్ సాబ్?" అని మా నేపాల్ టెక్నీషియన్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది? కంప్యూటర్ తెర మీద అంతా పచ్చగానే ఉంది. అయినా నా తల కదల్లేదు. "నాకు వినపడతలేదు," అన్నాను. ఆ మోతలో ఎవరికీ అందలేదు. చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, అందరి ముందూ. తల కొట్టేసినట్టయింది.

జపాన్ ఇంజనీరు నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని తానే విన్నాడు. బేరింగ్ శుభ్రంగా ఉంది. నేను కళ్ళు మూసుకుని తల ఊపేసి ఉన్నా ఏమీ అయ్యేది కాదు. అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. సాయంత్రానికల్లా మేనేజర్ నన్ను పిలిచి, చెవి డాక్టర్ రిపోర్టు వచ్చేదాకా మిషన్ల దగ్గరికి పోవద్దన్నాడు. వినే పని వేరేవాళ్ళకు ఇచ్చారు.

ఇంటికి వెళ్ళి, చెప్పులు విడవకుండానే నా భార్యకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే ఉద్యోగం సంగతేంటని అడుగుతుందనుకున్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"నాకు తెల్వదా? గందుకే గదా నీ మొకం ముంగటికొచ్చి మాట్లాడేది. నువ్వే చెప్తవని సూసిన."

ఈ మధ్య ఆమె వంటింట్లోంచి నన్ను ఒక్కసారి కూడా కేకేయలేదని అప్పుడు తట్టింది.