చేపలు వింటాయి, మెల్లగా!

టొమెజో తాతకు పిచ్చి అంటూ ఉంటే అది ఒక్కటే. చేపలకు చెవులున్నాయని ఆయన పట్టు. ఉండడమంటే ఏదో పేరుకు ఉన్నాయని కాదు, గోడ అవతలి మాట పట్టేసే అత్తగారి చెవుల్లాంటివి ఉన్నాయని. వంతెన దాటి హినోసావా ఊళ్ళో కాలుపెట్టిన మనిషి మామూలు గొంతుతో ఒక్క మాటన్నాడా, తాత ఎక్కడినుంచి ఊడిపడేవాడో తెలియదు, పెదవులమీద వేలు పెట్టుకుని ఎదురుగా నిలబడేవాడు.

"ఇష్! మెల్లగా. చేపలు వింటాయి."

వంతెన పక్కన ఆయన స్వహస్తాలతో చెక్కి పాతిన పలక ఒకటుంది. "ఇక్కడినుంచి గుసగుసలే. ఇట్లు, చేపలు" అని దానిమీద రాశాడు. ఊరంతా ఏటి ఒడ్డునే కాబట్టి ఊరంతటికీ గుసగుసలే. బస్సు దిగిన పరాయివాళ్ళు ఊళ్ళో ఎవరైనా పోయారేమో అనుకునేవాళ్ళు.

అంతమంది ఒక ముసలాయన మాట ఎందుకు విన్నారయ్యా అంటే, ఆ లోయలో యమామె పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. యమామె అంటే ఒంటినిండా వేలిముద్రల్లాంటి మచ్చలుండే కొండవాగు చేప, ట్రౌట్ జాతిది. ఒట్టి బెదురుగొడ్డు. దాన్ని పట్టే విద్యను తాత దాచుకునేవాడు కాదు, అడిగినవాడికీ అడగనివాడికీ కూడా చెప్పేవాడు. కొత్తగా బదిలీమీద వచ్చిన బడిపంతులును ఒకసారి స్నానాలశాలలో, వేడినీళ్ళ తొట్టిలో దొరకబుచ్చుకున్నాడు.

"ట్రౌట్ ఎటు చూస్తూ నిలబడుతుంది, చెప్పండి పంతులుగారూ?"

"నాకేం తెలుసు తాతా?"

"ఎగువకి. తిండి కొట్టుకొచ్చేది అటునుంచేగా! అందుకని మీరు దిగువనుంచి, దాని వెనకనుంచి వెళ్ళాలి. ఎలా వెళ్ళాలి?"

"పడవమీద?"

"మీ మొహం! వంగి వెళ్ళాలి. అప్పుడే నిద్రపుచ్చిన పసిపిల్ల గదిలో నడిచినట్టు నడవాలి. కాలికింద రాయి కదిలిందా, ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు. నీడ నీళ్ళమీద పడకూడదు. పెద్ద బండ వెనక నీరు కాస్త నెమ్మదించే చోటుంటుంది చూడండి, ఈక కట్టిన కొక్కెం అక్కడ పురుగు వాలినట్టు వాలాలి. సరస్సులోనైతే వాగు వచ్చి కలిసే మూలన వెయ్యాలి."

"అంతేనా?"

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నోరు మూసుకోవాలి."

ముందు చెప్పినవన్నీ బంగారం లాంటి మాటలు. పంతులు అలాగే చేశాడు, మరుసటి ఆదివారమే చేప పడింది. ముందువన్నీ నిజమైనప్పుడు చివరిదొక్కటీ అబద్ధమెలా అవుతుంది? పంతులు బళ్ళో ఎక్కాలు కూడా గుసగుసగా చెప్పించడం మొదలుపెట్టాడు. ఊళ్ళో అందరూ ఇలాగే నమ్మారు.

నమ్మాక మంచీ జరిగింది, చెడూ జరిగింది. సోయా పాలు విరగ్గొట్టి టోఫు చేసి అమ్మే మొగుడూ పెళ్ళాలు రోజూ ఊరు లేచిపోయేలా పోట్లాడుకునేవాళ్ళు కాస్తా, చెవులు కొరుక్కుంటూ తిట్టుకోవలసి వచ్చేసరికి సగంలో నవ్వొచ్చి మానేసేవాళ్ళు. కట్టెల అడితి యజమాని ఒకసారి మంచుమీద జారి వంతెన కింద ఏట్లో పడ్డాడు. పడి, పక్కనే గాలం వేస్తున్న తాతవైపు చూసి, "కాపాడండి" అని గుసగుసలాడాడు. తాత ఆయన్ని ఒడ్డుకు లాగి, ముందు భుజం తట్టి, "శెభాష్, ఎంత మెల్లగా అరిచావయ్యా!" అన్నాడు.

దీనివల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు ఒటోకిచి. వంశపారంపర్యంగా వాళ్ళది గొంతున్న వంశం. తుమ్మితే ఎదుటి కొండ బదులు పలికేది. అలాంటివాడు ఏళ్ళ తరబడి నోట్లో నాలుక లేనివాడిలా బతికాడు. అయినా ఓర్చుకున్నాడు. ఈ శరత్కాలంలో కూతురు సయోకి పెళ్ళి కుదిరేసరికి ఇక ఓర్చుకోలేకపోయాడు. వాళ్ళింట తాతల కాలంనుంచీ పెళ్ళికూతురి తండ్రే నిలబడి పెళ్ళిపాట ఎత్తుకోవాలి. పెళ్ళి ఏటి పక్కన ఫుసాయె సాన్, అంటే ఫుసాయెగారి, సత్రంలో. ఊళ్ళో అంత పెద్ద చావడి మరొకటి లేదు.

"పోయినేడాది అక్కడే జరిగిన పెళ్ళి చూశావుగా?" అని భార్య ముందు వాపోయాడు. "పాటను గుసగుసలాడారు! పెళ్ళికొడుకు బామ్మ అది పెళ్ళిపాటని అనుకోనేలేదు, ఎవరో పోయారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా ఒక్కగానొక్క కూతురి పెళ్ళి అలా జరగాలా?"

"మీరు మెల్లగా అనండి, చేపలు..."

"చేపలు గంగలో కలవనీ!"

"అవి ఉండేది నీళ్ళలోనేగా" అంది భార్య గుసగుసగా.

ఏటా చేపలవేట కాలం ముగిసే రోజున ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళ సంఘం సత్రంలో కూర్చుంటుంది. ఆ కూటమిలో పలక పీకించి తీరాలని ఒటోకిచి తీర్మానించుకున్నాడు. ఊరికే అడిగితే ఎవరూ వినరు. సాక్ష్యం కావాలి. అందుకని ఆ రోజు పొద్దున్నే తాత వెదురుగడ భుజాన వేసుకుని ఎగువకు బయలుదేరగానే, చాటుచాటుగా వెంటపడ్డాడు.

రెండో జలపాతం దాటాక ఒటోకిచికి ఒక రంకె వినిపించింది. ఎలుగుబంటేమోనని చెట్టెక్కబోయాడు. ఆ రంకెలో మాటలున్నాయి. వాగులో దుంగలు తేలించుకుపోయేవాళ్ళు పాడుకునే పాత పాట అది. పొద తప్పించి చూస్తే ఏముంది! టొమెజో తాత నడుం వంచి, పిల్లి అడుగులు వేస్తూ, నీడ వెనక్కు పడేలా నడుస్తున్నాడు. చేతులూ కాళ్ళూ శాస్త్రప్రకారమే ఉన్నాయి. నోరు మాత్రం బావిలా తెరిచి గొంతు చించుకుంటున్నాడు. పాటలో శ్రుతి లేదు, తాళం లేదు. కొక్కెం బండ వెనక వాలడం, చేప ఎగిరిరావడం మాత్రం ఆగలేదు.

"రావే నా బంగారు తల్లీ!" అని లోయ మారుమోగేలా అరిచి, చేపను బుట్టలో వేసుకుని, తాత రెండో చరణం ఎత్తుకున్నాడు.

ఒటోకిచికి ఒళ్ళు మండింది, మరుక్షణం ఆనందంతో పొంగిపోయింది. చేపలకు మన మాటలు ఒక లెక్కే కాదన్నమాట! కాలి అదురూ నీడా తప్ప అవి దేన్నీ పట్టించుకోవన్నమాట! ముసలాయనకు ఆ సంగతి శుభ్రంగా తెలుసన్నమాట! "ఊరందరి నోరూ కట్టేసి తనొక్కడూ ఇక్కడ కచేరీ చేసుకుంటున్నాడు, దొంగ పీనుగ" అని తిట్టుకుంటూ, ఉపన్యాసం వల్లెవేసుకుంటూ ఊళ్ళోకి దిగాడు.

మధ్యాహ్నానికి సత్రం నిండిపోయింది. పొయ్యిచుట్టూ ఉప్పు పట్టించిన యమామెలు పుల్లలకు గుచ్చి కాలుతున్నాయి. కాల్చిన చేప వేసి ఊరబెట్టిన వేడి సాకే, అదే బియ్యపు సారా, గిన్నెతో చేతులు మారుతోంది. ఫుసాయె సాన్ ఒక్కొక్కరి దగ్గరా వంగి వడ్డిస్తూ, చెవిలో ఏదో చమత్కారం విసురుతోంది. విన్నవాడు నోరు నొక్కుకుని నవ్వుతుంటే, పక్కవాడు "ఏమంది, ఏమంది?" అని వాడి చెవిలో దూరుతున్నాడు. టొమెజో తాత ఓ మూల ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

ఒటోకిచి లేవబోతుండగా గుమ్మంలో ఒక లారీ డ్రైవరు ప్రత్యక్షమయ్యాడు. పరాయి ఊరివాడు, పలక చూసినట్టు లేదు.

"ఏమ్మా, తినడానికి ఏమన్నా ఉందా?"

ఫుసాయె సాన్ ఎదురెళ్ళి ఏదో చెప్పింది.

"ఏంటీ? వినబడ్డంలేదు. గట్టిగా చెప్పమ్మా! గొంతు లేదా నీకు?"

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. చెయ్యి తనంతట తానే మెడకు చుట్టుకున్న గుడ్డమీదికి వెళ్ళింది. ఒక్కో అడుగూ వెనక్కు వేస్తూ వంటింటి తలుపువైపు జరిగింది.

"ఇష్!" టొమెజో తాత ఆ వయసులో అంత చురుగ్గా ఎలా లేచాడో, డ్రైవరు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మెల్లగా నాయనా. చేపలు వింటాయి. ఇక్కడ అందరం ఇంతే, వంగి వినాలి."

డ్రైవరు చుట్టూ చూశాడు. సంఘమంతా పెదవులమీద వేళ్ళు పెట్టుకుని ఉంది. వాడు తడబడి, టోపీ తీసి, వంగి, "క్షమించండమ్మా. తినడానికి ఏముంది?" అని గుసగుసగా అడిగాడు. ఫుసాయె సాన్ చెవిలో ఏదో చెప్పింది. వాడు కిసుక్కున నవ్వి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆమె చెయ్యి మెడమీదినుంచి కిందికి దిగింది.

ఒటోకిచి లేచి నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. కొన్నేళ్ళ కిందట ఫుసాయె సాన్‌కు పట్నంలో గొంతుకు శస్త్రచికిత్స చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది, గాలిలాంటి గుసగుస మిగిలింది. ఆ చలికాలమంతా వంటింటి తలుపు మూసుకుని లోపలే ఉండిపోయింది, సత్రం మూసేస్తానంది. ఆ తర్వాతి వసంతంలోనే కదూ వంతెన దగ్గర పలక వెలిసింది! అప్పటినుంచి ఊళ్ళో అందరిదీ ఆమె గొంతే. ఆమెకు గొంతు లేదన్న సంగతి ఆమె పక్కింటివాడైన తనే మరిచిపోయాడు! ఒటోకిచికి ముసలాయనమీద ప్రేమా, తనమీద సిగ్గూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"ఏమిటి ఒటోకిచి సాన్, పలక గురించి ఏదో మాట్లాడతానన్నారు?" అన్నాడు సంఘం పెద్ద గుసగుసగా.

"అవును. పొద్దున తాత వెనకాలే రెండో జలపాతం దాకా వెళ్ళాను. అంతా కళ్ళారా చూశాను."

టొమెజో తాత చేతిలో సాకే గిన్నె ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"చూసింది చూసినట్టు చెబుతున్నాను" అన్నాడు ఒటోకిచి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అననంత మెల్లగా. "చేపలు వింటాయి. శుభ్రంగా వింటాయి. మనం ఇక్కడ దగ్గితే అక్కడ ఉలిక్కిపడుతున్నాయి. ఆ పలక మీద అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, లారీలవాళ్ళకు ఆనడంలేదు. పెద్దది చేయించి నేనే పాతిస్తాను."

తాత గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. కళ్ళు తుడుచుకుని, పొగ ఎక్కువగా ఉందన్నాడు.

"మరి మీ అమ్మాయి పెళ్ళిపాట?" అని అడిగాడు పెద్ద.

"గుసగుసగానే పాడతాను. ఏం, పెళ్ళి కాకపోతుందా?" అని ఒటోకిచి కూలబడ్డాడు. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

ఫుసాయె సాన్ పుల్లకు గుచ్చిన చేపల్లో అన్నిటికంటే పెద్దది తీసి ఆయన పళ్ళెంలో పెట్టింది. అందరూ వినాలని చేత్తో సైగ చేసింది. చావడి మొత్తం ఊపిరి బిగబట్టి ముందుకు వంగింది.

"సయో పెళ్ళినాడు చేపలకు సెలవు. ఒటోకిచి సాన్, పైకప్పు లేచిపోయేలా పాడండి. నేను వినాలి."

"అయ్యో, అదెలాగమ్మా!" టొమెజో తాత కంగారుగా లేచాడు. "చేపలు వింటాయి!"

"విననివ్వండి తాతా. పుట్టగొడుగులకు నేనూ రెండో జలపాతం పైదాకా వెళుతుంటాను. మీ పాటనే తట్టుకున్నాయి, ఒటోకిచి సాన్ పాటకు అవి చచ్చిపోవులెండి" అంది ఫుసాయె సాన్.