ఫ్రిజ్ తలుపుకు కాలరు పని

మా అత్తయ్య యాభై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. ఆవిడ కుట్టు మిషన్ పక్కనే, దాదాపు అంతే వయసున్న ఫ్రిజ్ ఉంటుంది. మొన్న అది చల్లబడటం మానేసింది. మెకానిక్ వచ్చి, తలుపైనా తీయకుండా, "ఇది పోయిందమ్మా. రేపొచ్చి పాత సామానుకి పట్టుకెళ్తా" అని చావు కబురు చల్లగా చెప్పి వెళ్లాడు.

అత్తయ్యకు ఒళ్లు మండింది. "నాడి పట్టకుండానే పాడె కట్టేశాడే!" అంటూ తలుపు సందులో కాగితం పెట్టి, మూసి, లాగింది. కాగితం ఇట్టే జారి వచ్చేసింది.

"చూశావా అమ్మాయ్? రబ్బరు వదులైంది. చలవంతా బయటికే పోతోంది."

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు అంచు ఓ మూల గట్టిపడి, లోపలికి ముడుచుకుంది. అత్తయ్య వేడినీళ్లలో ముంచిన గుడ్డ దానిమీద అదిమిపెట్టి, మెత్తబడ్డాక, కుట్టిన కాలరును తిరగేసి మొన బయటికి తీసినట్టు, వేళ్లతో నెమ్మదిగా బయటికి లాగింది. మళ్లీ కాగితం పెట్టింది. ఈసారి అది చిరిగిందేగానీ రాలేదు. అత్తయ్య చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మర్నాడు మెకానిక్ తోపుడు బండితో సహా వచ్చాడు. అత్తయ్య అతని చేతికి చెమటపట్టిన గ్లాసు అందించింది.

"తాగు నాయనా. నువ్వు పోయిందన్నావే, దాని చేతి నీళ్లే!"

అతను గటగటా తాగేసి, సిగ్గుపడుతూ గ్లాసు మళ్లీ చాపాడు.